ఎనిమిది తర్వాత పది

పోయిన నెల కోదాడలో ఒకాయనను సాగనంపి వచ్చాను. మా సూర్యాపేట డిపోలో చాలా ఏళ్ళు బస్సు నడిపి, రిటైరై, సొంత ఊళ్ళో కన్నుమూశాడు. ఇప్పుడు డిపోలో పనిచేస్తున్న పిల్లలు కూడా చాలామంది వచ్చారు. తిరుగు బస్సులో నా పక్కన కూర్చున్న యువ కండక్టరు సూర్యాపేట దగ్గర పడుతుండగా ఒక మాట అడిగాడు.

"తాతా, మన వాలీబాల్ టీముల తొమ్మిది నంబరు ఇగ ఎవ్వరికి ఇయ్యద్దని అనుకుంటున్నం. అమెరికాల బేస్‌బాల్ ఆడెటోళ్ళు గట్లనే జేస్తరట. గొప్ప ఆటగాడు పోతే ఆయన నంబరు గోడకు పెడ్తరు, మల్ల ఎవ్వలు తొడగరు. ఎవరెవరి నంబర్లు గట్ల పెట్టాల్నో నువ్వు జెప్పు. పాతోళ్ళల్ల నువ్వొక్కనివే ఉంటివి."

బస్సులో చెప్పే సంగతి కాదు, రాసి ఇస్తానన్నాను. అందుకే ఇది.

బేస్‌బాల్ అన్న పేరు కూడా వినని రోజుల్లో ఈ ప్రశ్న మా డిపోలో ఒకసారి వచ్చింది. దాని మీద మాటలు పెరిగాయి, ఒక మనిషి ఉద్యోగం వదులుకుని పోబోయాడు. ముందుగా మీకు తెలియవలసింది ఒకటుంది. మీరు ఎరిగిన తొమ్మిది నంబరు, మొన్న మనం మట్టి ఇచ్చి వచ్చిన ఆయన, రెండో ఆయన. ఆయనకు ముందు ఇంకొకాయన ఉండేవాడు.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు. నేను డిపోలో సీట్లు కుట్టేవాణ్ణి. వెనక రేకుల కొట్టంలో నా చోటు. చిరిగిన సీట్లు నా దగ్గరికి వచ్చేవి. కొబ్బరి పీచు కొత్తగా నింపి, పైన కాన్వాసు గుడ్డ బిగించి, దబ్బనంతో కుట్టేవాణ్ణి. చదువుకున్నవాణ్ణి సీట్లు కుడుతున్నానని బంధువులకు చిన్నతనంగా ఉండేది. నాకు ఉండేది కాదు. పీచు నానబెట్టినప్పుడు చదువుకోవడానికి తీరిక దొరికేది.

మా డిపోలో ఎవరూ ఎవరినీ పేరుతో పిలిచేవారు కాదు. ప్రతి ఉద్యోగికీ ఇత్తడి బిల్ల ఇచ్చేవారు, దాని మీద నంబరు. ఒకే పేరున్నవాళ్ళు ఎక్కువ కాబట్టి అది సౌకర్యంగా ఉండేది. కొన్నాళ్ళకు నంబరే మనిషి అయింది. "రెండు నంబరుకు జొరమట", "పద్నాలుగు నంబరు బిడ్డ పెండ్లట" అనుకునేవాళ్ళం. ఇళ్ళల్లోని ఆడవాళ్ళకు ఇది ఇంకా కలిసివచ్చింది. మొగుడి పేరు నోటితో అనకూడదన్న కాలం. "మా ఇంటాయన", "పిల్లల తండ్రి" అని చుట్టూ తిప్పి చెప్పుకునేవాళ్ళకు నంబరు ఒక దారి చూపించింది. డిపో గేటు దగ్గరికి వచ్చి, "ఆరు నంబరు ఉన్నడా, కోదాడ పోయిండా?" అని గట్టిగా అడిగేవాళ్ళు. అందులో తప్పేమీ కనిపించేది కాదు ఎవరికీ.

తెల్లవారుజామున గేటు దగ్గర హాజరు పిలిచేవారు. పిలిచే పెద్దమనిషిని మేం హాజరు సాబ్ అనేవాళ్ళం. ఉర్దూ తప్ప ఇంకో భాషలో అంకెలు చెప్పడం ఆయనకు రాదు. ఏక్, దో, తీన్ అని పిలుస్తుంటే ఒక్కొక్కరూ "హాజర్" అని పలికి తమ బండి దగ్గరికి నడిచేవారు. కొత్త ప్రభుత్వం వచ్చాక చాలామంది అటువంటివాళ్ళు బెదిరి హైదరాబాదు వెళ్ళిపోయారు. ఈయన వెళ్ళలేదు. "నేను పోతే మిమ్మల్నెవరు లేపుతరు?" అనేవాడు ఆయన తెలుగులో.

కొట్టం వెనక మైదానంలో వాలీబాల్ ఆడేవాళ్ళం. నేను ఆడేవాణ్ణి కాదు. వాళ్ళ బనియన్లకు నంబర్లు కుట్టేవాణ్ణి. ఎవరి బిల్ల నంబరు వాళ్ళ వీపు మీద. సీట్ల కాన్వాసు ముక్కలు కత్తిరించి కుట్టడంతో చెమట పట్టినప్పుడు అవి ఒరుసుకునేవి. "ఆట కన్న నీ అంకెనే ఎక్కువ కొడ్తది దర్జన్నా" అని తిట్టేవాళ్ళు. మొదట ఉర్దూ అంకెలే వేశాను. ఉర్దూలో ఏడును తలకిందులు చేస్తే ఎనిమిది అవుతుంది. ఒకసారి తొందరలో ఏడును తిరగేసి కుట్టాను. ఆ రోజు మా జట్టులో ఇద్దరు ఎనిమిదులు ఆడారు. ఏడు నంబరాయన వారం పాటు నాతో మాట్లాడలేదు. తర్వాత ఇంగ్లీషు అంకెలు రావాలన్నారు. అన్నీ విప్పి మళ్ళీ కత్తిరించాను. ఒకటి, తొమ్మిది మాత్రం విప్పే పని లేకపోయింది. రెండు లెక్కల్లోనూ వాటి రూపం దాదాపు ఒకటే.

ఇక మొదటి తొమ్మిది నంబరు గురించి.

పెన్‌పహాడ్ దిక్కు మనిషి. వెడల్పు భుజాలు, నెమ్మది నడక. మిర్యాలగూడ బస్సు నడిపేవాడు. దారిలో ఎవరు చెయ్యెత్తినా ఆపేవాడు. స్టాపు కాదు కదా అని కండక్టరు గొణిగితే, "చెయ్యెత్తిన కాడనే స్టాపు" అనేవాడు. జట్టులో ఆయన లిఫ్టరు. అంటే బంతిని వలకు దగ్గరగా లేపి పెట్టేవాడు. దాన్ని బలంగా అవతలికి కొట్టి చప్పట్లు కొట్టించుకునేవాళ్ళు వేరే ఉంటారు. తాను కొట్టాలని ఆయన ఎన్నడూ అనుకున్నట్టు లేదు. కానీ మా జట్టులో ఒక అలవాటుండేది. బంతి చక్కగా లేస్తే, కొట్టినవాడే ముందుగా లేపినవాడి నంబరు అరిచేవాడు. "శాబాష్ తొమ్మిది" అని. మైదానం అంతా ఆ మాటే వినిపించేది.

మధ్యాహ్నం బండి ఖాళీగా ఉంటే నా కొట్టానికి వచ్చి పాత సీట్ల కుప్ప మీద కూర్చునేవాడు. ఆయనకు చదువు రాదు. నేను చదువుతున్నది పైకి చదవమనేవాడు. కథలో ఎవరికైనా కష్టం వస్తే, "ఆగు, ఇప్పుడు జెప్పకు, బండి తీసేది ఉన్నది, మనసు కరాబ్ అయితది" అని లేచి పోయేవాడు. మళ్ళీ మర్నాడు, "ఆమె బతికిందా?" అని అడిగేవాడు. నేను ఆయనకు చదివి వినిపించినట్టుగా మళ్ళీ ఎవరికీ చదవలేదు.

ఎండాకాలంలో పచ్చకామెర్లు వచ్చాయి. ఆకు పసరు తాగుతూ బండి నడిపాడు. కళ్ళు పచ్చబడిన మనిషి నడిపే బస్సులో రానని ఒక ప్రయాణికుడు దిగిపోతే తప్ప ఇంటికి పోలేదు. ఇంటికి పోయాక మళ్ళీ రాలేదు.

దినాలు అయ్యాక ఆయన భార్య బనియను ఉతికి, మడిచి, తెచ్చి నా చేతికిచ్చింది. "ఇది మీ ఆటది అన్నా" అంది. నేను దాన్ని కొట్టంలో మేకుకు తగిలించాను.

ఆ సాయంత్రమే రెండు నంబరు నా కొట్టానికి వచ్చాడు. ఇంజన్ల మేస్త్రీ, జట్టుకు కెప్టెను, తొమ్మిది లేపిన బంతులన్నీ కొట్టినవాడు. బనియను వంక చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు.

"ఇగ ఇది ఎవ్వడు తొడగద్దు" అన్నాడు. "ఆ నంబరు గుడ ఎవ్వడు అనద్దు. అది ఆయనది."

అందరూ ఒప్పుకున్నారు. నేనూ ఒప్పుకున్నాను. హాజరు సాబ్‌కు చెబితే ఆయన కళ్ళు తుడుచుకుని సరేనన్నాడు. మర్నాటి నుంచి పొద్దున ఆయన "ఆఠ్" అన్నాక ఆగేవాడు. టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, "దస్" అనేవాడు.

కానీ మనిషి పోయినందుకు ఒక నంబరు పక్కన పెడితే, మిగతావాళ్ళ సంగతి ఏమిటన్న ప్రశ్న వస్తుంది. వచ్చింది. ఒక ఆదివారం కొట్టం ముందు అందరూ కూర్చుని వాదించుకున్నారు.

"మరి నాలుగు నంబరు ముసలాయన ఏం పాపం జేసిండు?" అన్నాడు పద్నాలుగు నంబరు. ఆయన కండక్టరు, జట్టులో అందరికంటే పొట్టి, నోరు పెద్దది. "ఆయన గుడ సచ్చిండు గద."

"ఆయన ఎన్నడు ఆడలే" అన్నాడు మేస్త్రీ.

"ఆడకపోతే? బంతికి గాలి కొట్టిందెవరు? ఊకనే ఉబ్బిందా బంతి?"

"గాలి కొట్టినోనికి నంబరు పక్కకు వెడితే, రేపు వల కట్టినోడు వస్తడు."

"వల కట్టింది నేనే" అన్నాడు ఆరు నంబరు. "నాది గుడ పక్కకు పెట్టున్రి, నేను పోయినంక."

"ముందు నువ్వు పో. తర్వాత సూద్దం."

"మరి పదకొండు నంబరో? ఎంత గట్టిగ కొడ్తుండె."

"ఆయన బతికే ఉన్నడు కదరా. బదిలీ మీద మిర్యాలగూడ పోయిండు."

"మన దిక్కు నుంచి సూస్తే సచ్చినట్టే. వాళ్ళ దిక్కు ఆడుతుండు."

మేస్త్రీ కూడా నవ్వాడు అప్పుడు. పోయినాయన మీద అందరికీ ప్రేమ ఉంది కాబట్టి ఆ వాదన పోట్లాట కాలేదు. చివరికి తొమ్మిది ఒక్కటే పక్కన పెట్టాలనీ, మిగిలినవాళ్ళు చచ్చేదాకా ఆడాలనీ తేల్చారు. నంబరుకు ఎవరు తగినవారు అని మీరు నన్నడిగితే, ఆ రోజు మా వాదన కంటే మంచి వాదన నా దగ్గర ఇప్పటికీ లేదు. చక్కగా ఆడినవాడా, అందరూ ఇష్టపడ్డవాడా, కనిపించకుండా పనిచేసినవాడా? మేం ఇష్టపడ్డవాణ్ణి ఎంచుకున్నాం.

ఆ నెలలోనే కొత్త డ్రైవరు వచ్చాడు. కోదాడ మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మా తీర్మానాలు ఆఫీసుకు తెలియవు. బిల్ల మనిషిది కాదు, ఉద్యోగానిది. ఖాళీగా ఉన్న బిల్ల తీసి ఆయనకిచ్చారు. తొమ్మిది.

ఆయన దాన్ని చొక్కాకు పెట్టుకుని, నవ్వుతూ గేటు దగ్గరికి వచ్చాడు. ఎవరూ నవ్వలేదు. మేస్త్రీ ఆ బిల్ల వంక చూసి, "జేబుల పెట్టుకో" అన్నాడు.

"ఏమండీ? ఆఫీసులో పైన పెట్టుకోమన్నారండి."

"ఆఫీసోళ్ళు అడిగినప్పుడు తియ్యి. మా ముంగట వద్దు."

అప్పుడు పద్నాలుగు నంబరు సంగతి చెప్పాడు. ఆయన విన్నాడు. బిల్ల తీసి జేబులో వేసుకున్నాడు. "తెలియదండి. మంచాయన అని దారిలో కూడా చెప్పారు" అన్నాడు.

ఆ తర్వాత ఆయనను ఏమని పిలవాలో ఎవరికీ తెలియలేదు. మా దగ్గర పేర్లతో పిలిచే అలవాటు లేదు. ఆయన పేరే ఉన్నవాళ్ళు అప్పటికే ముగ్గురో నలుగురో ఉన్నారు. అందరూ "కోదాడ" అన్నారు. హాజరు సాబ్ ఆఖరు నంబరు దాకా పిలిచి, కాగితం మడిచి, అప్పుడు "ఔర్ కోదాడ" అనేవాడు. అంటే, ఇంకా కోదాడ. సామాను ఎక్కించాక చివరగా గుర్తొచ్చిన సంచిని పిలిచినట్టుండేది.

కోదాడ కృష్ణా జిల్లా సరిహద్దు కదా, ఆయన మాటతీరు మీద పరిహాసాలు నడిచేవి.

"ఏందివయా, మాట మాటకు అండి అంటవ్? నోట్లె ఏమన్న సంచి వెట్టుకున్నవా అండీలది?"

"అలవాటండి."

"సూడు, మల్ల తీసిండు ఒకటి."

ఆయనా నవ్వేవాడు. "కోదాడ అనే పిలవండి, తిట్టేం కాదుగా, ఊరి పేరేగా" అనేవాడు. ఎవరూ ఆయనను ఒక్క మాట చెడుగా అనలేదు. బండి చెడిపోతే మేస్త్రీ వెంటనే వచ్చి బాగుచేసేవాడు. కానీ టీ తాగే చోట ఆయన వస్తే మాటలు కాస్త తగ్గేవి.

వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం నా కొట్టానికి వచ్చాడు. చిరిగిన సీటు గురించి చెప్పాలని వచ్చినట్టు వచ్చి, నిలబడే ఉన్నాడు. చదువుతున్న పుస్తకం మూసి, కూర్చోమన్నాను. సీట్ల కుప్ప మీద కూర్చోబోయి, మేకుకు ఉన్న బనియను చూసి ఆగిపోయాడు.

"ఇక్కడే కూర్చునేవారా ఆయన?"

"అవును. నువ్వూ కూర్చో."

కూర్చోలేదు. దబ్బనం తీసి చేతిలో తిప్పుతూ అన్నాడు. "కోదాడ వెళ్ళిపోదామనుకుంటున్నానండి. మా బావమరిది లారీ తిప్పుతున్నాడు. రమ్మంటున్నాడు."

"సర్కారు నౌకరీ వదులుకుంటావా?"

"ఇక్కడ నన్నెవరూ తిట్టలేదండి. అదే కష్టంగా ఉంది. తిడితే బదులు చెప్పొచ్చు."

దబ్బనం పక్కన పెట్టి మళ్ళీ అన్నాడు. "పొద్దున ఎనిమిది అన్నాక సాబ్ ఆగుతారు చూడండి. అప్పుడు నా జేబులో బిల్ల ఉంటుంది. ఏదో దొంగతనం చేసి నిలబడ్డట్టుంటుందండి. నెలాఖరుకి చెప్పేస్తాను."

పోయినవాడు నా స్నేహితుడు. ఈ మనిషి మంచివాడు. రెండూ నిజమే.

ఆ నెల చివర్లో మిర్యాలగూడ వాళ్ళతో ఆట. ఏటా ఒకసారి వాళ్ళు ఇక్కడికి, ఒకసారి మేం అక్కడికి. లిఫ్టరుగా ఆరు నంబరును తయారుచేశారు. ఆయన లేపితే బంతి ఎటు పోతుందో ఆయనకే తెలిసేది కాదు. పైగా బయలుదేరే రోజుకి ఆయన వేలికి గోరుచుట్టు లేచింది. చెయ్యి తలకంటే పైకి ఎత్తి పట్టుకుని బస్సెక్కాడు. ఆ బస్సు నడిపింది కోదాడాయనే. ఆ మిర్యాలగూడ బండి ఇప్పుడు ఆయనదే.

మిర్యాలగూడలో దిగి వల కడుతుంటే బంతి దొర్లి బస్సు దగ్గరికి పోయింది. ఆయన టైరు మీద నీళ్ళు చల్లుతున్నాడు. వంగి, బంతిని రెండు చేతుల వేళ్ళ మీద తీసుకుని పైకి లేపాడు. అది మేస్త్రీ తల మీదికి, చెయ్యి చాస్తే అందేంత ఎత్తులో, తిరగకుండా వచ్చి నిలిచినట్టు నిలిచింది. మేస్త్రీ కొట్టలేదు. బంతి కింద పడింది.

"నువ్వు ఆడినవా ఎప్పుడన్న?"

"జగ్గయ్యపేటలో ఆడేవాళ్ళమండి. లేపడమే. కొట్టడం రాదు."

మేస్త్రీ ఆరు నంబరు వేలు వంక చూశాడు. వాచిపోయి ఉంది. తర్వాత నా వంక చూశాడు.

"ఆడతవా?"

"ఆడతానండి. ఏది వేసుకోమంటారు?"

జట్టంతా నేల చూసింది. "నీ ఒంటి మీది బనియనే ఉండనియ్యి" అన్నాడు మేస్త్రీ.

ఆట నడిపే ఆయన అక్కడి బడిలో డ్రిల్లు పంతులు. వరసగా వీపులు చూసుకుంటూ వచ్చి ఈయన దగ్గర ఆగాడు. "నీ నంబరేది?"

"లేదండి."

"అందరికీ ఉందిగా?"

"నాకు లేదండి. డ్రైవరని అనుకోండి."

అవతలి వైపు నుంచి మా పాత పదకొండు నంబరు అరిచాడు. "ఏమైందిరా, సూర్యాపేటల అంకెలు ఖతమైనయా?" చుట్టూ నవ్వులు. కోదాడాయన చెవులు ఎర్రబడ్డాయి.

ఆట మొదలైంది. ఎండాకాలం తర్వాత మావాళ్ళు అంత బాగా ఆడడం అదే మొదలు. బంతి ఎక్కడ పడబోయినా ఆయన దాని కిందికి చేరేవాడు. లేపిన ప్రతి బంతీ మేస్త్రీ చేతికి దొరికేది. కొన్నిసార్లు వెనక నుంచి చూస్తుంటే నాకు కళ్ళు మోసం చేసినట్టనిపించింది. భుజాలు వేరు, ఎత్తు వేరు. కానీ బంతిని పంపి పక్కకు తప్పుకునే పద్ధతి అదే.

ఆట మధ్యలో ఒక బంతి చాలా దూరం పోయింది. ఆయన పరుగెత్తి, పడిపోతూ లేపాడు. మేస్త్రీ ఎగిరి కొట్టాడు. అవతలి వాళ్ళు కదలలేదు. మేస్త్రీ నేల మీదికి దిగుతూనే, ఎన్నో ఏళ్ళ అలవాటులో, చెయ్యెత్తి అరిచాడు.

"శాబాష్ తొ..."

అక్కడితో ఆగిపోయాడు. కోదాడాయన మోకాలి మట్టి దులుపుకుంటూ ఆయన వంక చూశాడు. మేస్త్రీ ఆట ఆపమని చెయ్యి చూపి, బస్సు చాటుకు పోయి మొహం కడుక్కున్నాడు. తిరిగి వచ్చాక ఆయన ఒక్క బంతీ సరిగా కొట్టలేదు. ఓడిపోయాం.

తిరిగి బయలుదేరాం. కోదాడాయన దారి చూస్తూ నడిపాడు. దారిలో ఒక ముసలామె చెయ్యెత్తితే, స్టాపు కాకపోయినా ఆపాడు. పద్నాలుగు నంబరు లేచి ఆమెకు తన చోటిచ్చాడు.

మర్నాడు తెల్లవారుజామున నేను గేటు దగ్గరికి ముందుగా వచ్చాను. పోయిన తొమ్మిది నంబరు భార్య అప్పటికే అక్కడ ఉంది. ఆయన పోయిన తర్వాత ఆమె డిపో గేటు దగ్గర బొబ్బర్ల గుడాలు అమ్ముకునేది. ఉడికించిన బొబ్బర్లకు ఉల్లిగడ్డ, మిరపకాయ పోపు పెట్టి, గంపలో తెచ్చి, ఆకుల్లో పెట్టి ఇచ్చేది. పొద్దున్నే బండ్లెక్కేవాళ్ళు తిని పోయేవారు. మేం ఆమె ముందు ఆయన ఊసు ఎత్తేవాళ్ళం కాదు. బాధ పెట్టకూడదని.

మేస్త్రీ వచ్చి ఆమె ముందు కూర్చున్నాడు. రాత్రి నిద్రపోయినట్టు లేడు.

"వదినె, నా తోటి తప్పయింది."

"ఏమైంది?"

"నిన్న ఆటల... నోట్లెకెల్లి ఆయన నంబరు వచ్చింది. ఇంకోన్ని సూసుకుంట."

ఆమె గంప మీది గుడ్డ సర్దడం ఆపింది. "మొత్తం అన్నవా?"

"లే. సగంలనే ఆపిన."

"మిగిలిన సగం ఎందుకు మింగినవ్?"

మేస్త్రీకి అర్థం కాలేదు. మాకెవరికీ కాలేదు. అప్పటికి అయిదారుగురం చేరాం. హాజరు సాబ్ కాగితం పట్టుకుని నిలబడ్డాడు.

ఆమె గొంతు పెంచలేదు. గుడాలు గరిటెతో కలుపుతూనే మాట్లాడింది. "నేను మొగని పేరు అనేటందుకు లేదు. పుట్టి బుద్ధెరిగినకాడికెల్లి గిదే మాట. నంబరన్న అనుకుంటుంటి. పెండ్లయి వచ్చినకాడికెల్లి నాకు ఆయనను పిలిచేటందుకు గదొక్కటే ఉన్నది. దాన్ని గుడ మీరు ఎత్తుకపోయి మేకుకు తగిలిచ్చిన్రు. నా ముంగట ఎవ్వలు తొమ్మిది అనరు. అంగట్ల తొమ్మిది అంటే గుడ మొకం తిప్పుకుంటరు. ఎవరి నడిగి జేసిన్రు?"

"నీ మర్యాద కోసమే వదినె..."

"మర్యాద మీది. గీడ కూసునేది నేను." ఆమె హాజరు సాబ్ వైపు చూసింది. "ఆ పెద్దాయన ఎనిమిదన్నంక టోపీ తీస్తడు. తీసిన్నాడల్ల నేను మల్ల ఒకపారి ఏడ్వాలె. పొద్దు పొద్దుగాల గుడాలమ్ముకోవాల్నా, మొగన్ని సాగనంపాల్నా?"

హాజరు సాబ్ టోపీ మీదికి ఎత్తిన చెయ్యి దింపేశాడు.

పద్నాలుగు నంబరు మెల్లగా అడిగాడు. "మరి ఇంకోడు ఆ నంబరు మీద పలికితే, నీ పాణం ఎట్లుంటది అక్కా?"

"కొట్టుకుంటది. కొట్టుకోనియ్యి. పలికినోని మొకం సూస్త. ఈయన గాదు అని తెలుస్తది. అంతటితోటి అయిపాయె." ఆమె గరిటె పక్కన పెట్టింది. "ఎవ్వలు పలకకుంటేనే చెవి అటే ఉంటది. ఇంకా వస్తుండేమో అన్నట్టు."

మేం చేసింది తప్పా ఒప్పా అని అప్పుడు నేను ఆలోచించలేదు. ఇన్ని రోజులు ఆమె ఆ గేటు దగ్గర ఏం విన్నదో మాలో ఎవరూ అడగలేదన్నది మాత్రం తెలిసింది.

టైమైంది. హాజరు సాబ్ పిలవడం మొదలుపెట్టాడు. ఏక్. హాజర్. దో. మేస్త్రీ "హాజర్" అన్నాడు. అలా ఆఠ్ దాకా వచ్చింది. సాబ్ ఆగాడు. ఆమె వంక చూశాడు. ఆమె ఎవరికో ఆకులో గుడాలు పెడుతోంది.

"నౌ" అన్నాడు.

పలుకు లేదు. కోదాడాయన కాస్త దూరంగా తన బండి అద్దం తుడుస్తున్నాడు. ఆ పిలుపు తనకని ఆయన అనుకోలేదు. ఆమె చెప్పిన మాటలు కూడా ఆయనకు వినిపించి ఉండవు.

"నౌ" అన్నాడు సాబ్ మళ్ళీ, కొంచెం గట్టిగా.

"నిన్నేనయా" అన్నాడు మేస్త్రీ. "బిల్ల తియ్యి."

ఆయన గుడ్డ పట్టుకునే వచ్చాడు. మేస్త్రీని చూశాడు, మమ్మల్ని చూశాడు. చివరికి ఆమెను చూశాడు. ఆమె తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. చాలాసేపేమీ కాదు. తాను చూస్తానన్నది చూసి, తల ఊపింది.

"ఉన్నానండి" అన్నాడు ఆయన.

"హాజర్ బోల్నా మియా" అన్నాడు సాబ్. "ఉన్నానండి ఏందిది?"

గేటు దగ్గర అందరూ నవ్వారు. పద్నాలుగు నంబరు అందరికంటే గట్టిగా నవ్వి, కళ్ళు తుడుచుకున్నాడు. ఆయనా నవ్వి, జేబులోంచి బిల్ల తీసి చొక్కాకు పెట్టుకుని, "హాజర్" అన్నాడు. సాబ్ "దస్" అన్నాడు.

బండి తీయబోతుంటే ఆమె పిలిచింది. "ఓ తొమ్మిది నంబరు, ఏం తినకుంట పోతవా? దా." ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతు ఒకచోట వణికింది. అన్నది మాత్రం పూర్తిగా అన్నది. ఆయన వచ్చి ఆకు అందుకున్నాడు. నిలబడి అంతా తిన్నాడు. లారీ మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ మధ్యాహ్నం మేస్త్రీ నా కొట్టానికి వచ్చి మేకుకున్న బనియను తానే తీసి, దుమ్ము దులిపి, బయట నిలబడ్డ ఆయనకిచ్చాడు. ఆయన అక్కడే తొడుక్కున్నాడు. భుజాల దగ్గర ఆయనకు బాగా పెద్దది, సంచిలా జారింది. నేను సూది, దారం తీసి, పక్క కుట్లు లోపలికి పడతాను, ఇటు తిరగమన్నాను.

ఆయన రెండు చేతులూ పైకెత్తి, దింపి, మళ్ళీ ఎత్తి చూసుకున్నాడు. "వద్దండి. వదులుగా ఉంటేనే చేతులు బాగా లేస్తాయి" అన్నాడు. తర్వాత సీట్ల కుప్ప మీద కూర్చుని, ఆ రోజు మీ చేతిలో పుస్తకం ఉంది కదా, అందులో ఏముందని అడిగాడు.

నేను సూది డబ్బాలో పెట్టేసి, చదవడం మొదలుపెట్టాను.